అక్షరం పక్కన అంకె

మన తెలుగిళ్లలో అక్షరం పక్కన అంకె కనిపిస్తే అది వీసాయే. ఎఫ్1 మీద వెళ్లిన పిల్లాడు హెచ్1 మీద నిలదొక్కుకుంటాడు. హెచ్4 మీద కోడలు వెళుతుంది. కూతురి పురిటికి తల్లి బీ2 మీద ఊరగాయ జాడీలతో సహా వెళుతుంది. పంచాంగం చూడటం రానివాళ్లు కూడా ఈ వర్ణమాలను పొల్లుపోకుండా అప్పజెబుతారు. అందుకే మా బావమరిది ఫ్రెంచి నేర్చుకుందామని కోర్సుల పట్టీ తెరిచి, అందులో ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లు చూసినప్పుడు ఏమాత్రం తడబడలేదు.

"బావా, బీ1, బీ2 రెండూ నాకున్నాయిగా! పాస్‌పోర్టులో అతికించి మరీ ఇచ్చారు, పదేళ్లు చెల్లుతుంది. ఇహ సీ1లో చేరిపోతే సరిపోదూ?"

నవ్వకండి. వాడిది అమాయకత్వం, ఒక్క మాటతో వదిలిపోయింది. మిగతావాళ్లకున్నది పరువు. అది వదలదు.

పరువు సంగతి ఏ1 దగ్గరే మొదలవుతుంది. రోజూ పేపరు చదివే తెలుగువాడికి ఏ1 అంటే మొదటి ముద్దాయి. ఏ2 అంటే రెండో ముద్దాయి, లేకపోతే రెట్టింపు ధరకి అమ్మే నాటు ఆవు పాలు. యాభై దాటిన మనిషిని పట్టుకుని "మీరు ఏ1 అండీ" అంటే ఛార్జిషీటులో పేరెక్కించినట్టు ముఖం పెట్టడా మరి? అదే బీ1 అనండి. ఏదో ప్రమోషను వచ్చినట్టు కుర్చీలో వెనక్కి వాలతాడు.

ఈ మెట్లు కట్టింది స్ట్రాస్‌బర్గ్‌లోని కౌన్సిల్ ఆఫ్ యూరప్. 2001లో పుస్తకంగా వేసింది. ఫ్రెంచికే కాదు, ఏ భాషకైనా పెట్టి చూసుకోదగ్గ కొలబద్ద. నువ్వు ఎన్ని పుస్తకాలు ముగించావు, ఎన్ని మార్కులొచ్చాయి అని అది అడగదు. నువ్వు ఆ భాషతో ఏం పని జరుపుకోగలవు అని మాత్రం అడుగుతుంది. ఏ1 వాడు తన పేరూ ఊరూ చెప్పుకోగలడు, అదీ ఎదుటివాడు నెమ్మదిగా మాట్లాడి కాస్త చెయ్యందిస్తే. ఏ2 వాడు బజారుకెళ్లి మోసపోకుండా కూరలు తెచ్చుకోగలడు. బీ1 వాడు రైలు తప్పిన వైనం కథలా చెప్పి, తప్పు తనది కాదనడానికి రెండు కారణాలు చూపగలడు. బీ2 వాడు ఫ్రెంచివాడితో మాట్లాడుతుంటే ఇద్దరిలో ఎవరికీ చెమట పట్టదు. సీ1, సీ2ల దాకా వెళ్లినవాళ్లు ఈ వ్యాసం చదవరు కాబట్టి వాళ్ల జోలికి వెళ్లను.

ఇంత తేటగా రాసిపెట్టిన కొలబద్ద మన చేతికొచ్చేసరికి ఏమైందో చెప్పడానికి నాకంటే తగిన సాక్షి లేడు. ఎందుకంటే మొదటి ముద్దాయిని నేనే.

1987లో ఇంటర్మీడియట్‌లో నా రెండో భాష ఫ్రెంచి. ఫ్రాన్సు మీద ప్రేమతో కాదు. తెలుగు తీసుకుంటే పద్యాలకి ప్రతిపదార్థాలు రాయాలి, గణాలు కట్టాలి, అంతా చేస్తే అరవై వస్తుంది. ఫ్రెంచి తీసుకుంటే "నా కుటుంబం", "మా ఇల్లు" అని రెండు వ్యాసాలు బట్టీపట్టి, మిగతా సగం పేపరు ఇంగ్లీషులో రాసి బయటపడొచ్చని సీనియర్లు ఉపదేశించారు. నాకు నూటికి తొంభై ఏడు వచ్చాయి. మా ఇంట్లో ఎవరికీ ఫ్రెంచి రాదు గనక ఎవరూ అనుమానించలేదు. నాకూ రాదు, కాని ఆ సంగతి నేనూ అనుమానించలేదు. మార్కుల కోసం అమ్మ భాషని వదిలి, మార్కుల కోసమే పరాయి భాషని పట్టుకుని, రెండూ రాకుండా పట్టం కట్టించుకున్న తరం మాది. ఇప్పటి పిల్లలు ఇదే పని సంస్కృతంతో చేస్తున్నారట. దేవభాష, మరిన్ని మార్కులు.

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఆ తొంభై ఏడు మళ్లీ నిద్రలేచింది. మా అమ్మాయి మాంట్రియల్‌లో ఉంటోంది. మూడేళ్ల మనవడు పిల్లల బడికి వెళ్లి ఫ్రెంచి పట్టాడు. వీడియో కాల్‌లో వాడు ఏదో అడుగుతాడు, నేను తల ఊపుతాను, వాడు ఫోను వాళ్లమ్మ చేతికిచ్చి వెళ్లిపోతాడు. ఆ వెళ్లిపోవడం నాలో పౌరుషం రేపింది. అమీర్‌పేటలో జావా, పైథాన్ బోర్డుల మధ్య ఫ్రెంచి బోర్డు కూడా ఉన్నచోట మెట్రో దిగాను.

కౌంటర్‌లో అమ్మాయి చిరునవ్వుతో అడిగింది. "సార్, ఏ లెవెల్ కావాలి?"

టిఫిన్ సెంటర్లో ప్లెయిన్ దోశా, మసాలానా అన్నట్టే అడిగింది. బ్లౌజు కుట్టే టైలరు కూడా "ఏ సైజు కావాలమ్మా" అని ఊరుకోడు, టేపు తీసి కొలుస్తాడు. ఇక్కడ టేపు లేదు.

"ఇంటర్లో ఫ్రెంచి చదివానమ్మా. తొంభై ఏడు."

"అయితే ఇంకేం సార్, బీ1లో కూర్చోండి. మీ స్థాయికి ఏ1 అంటే డబ్బులు దండగ."

మీ స్థాయికి! ఆ ఒక్క మాటకి ఎంత అడిగినా కట్టేవాణ్ణి. కట్టాను కూడా. పరీక్షేమీ లేదా అంటే, ఉందని ఓ కాగితం ఇచ్చింది. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, టిక్కు పెట్టాలి. కళ్లు మూసుకుని పెట్టినా సగటున రెండున్నర ఒప్పవుతాయి. నాకు ఆరు ఒప్పయ్యాయి. నోరు విప్పమని ఎవరూ అడగలేదు. మూగవాడికి సంగీతంలో డిప్లొమా ఇచ్చినట్టు నన్ను బీ1లోకి తోశారు. ఆ నెల ఏ1 నిండిపోయిందనీ, బీ1 బ్యాచ్ నడవాలంటే ముగ్గురు తక్కువయ్యారనీ తరువాత తెలిసింది. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. అంటే నన్ను చేర్చుకున్నది నా ఫ్రెంచిని చూసి కాదు, వాళ్ల కుర్చీలను చూసి.

మొదటి ఆదివారం. పాఠం చెప్పే అమ్మాయికి ముప్పై ఉండవు. లోపలికి వస్తూనే నావైపు చూసి గలగలా ఏదో అడిగింది. ఆ ప్రవాహంలో నాకు చిక్కింది ఒక్కటే ముక్క, 'వీకెండ్'. అది ఇంగ్లీషు నుంచి ఫ్రెంచివాళ్లు అరువు తెచ్చుకున్న మాట. "వీ" అన్నాను. అంటే అవునని. ఆమె మళ్లీ అడిగింది. "వీ, వీ" అన్నాను. ఈ వారాంతంలో ఏం చేశారు అని అడిగితే అవును, అవును అన్నానని పక్క కుర్రాడు చెవిలో చెప్పాడు. సరే, ఆమె జాలిపడి ప్రశ్న మార్చింది, ఫ్రెంచి ఎప్పుడు చదివారు, ఎన్ని మార్కులొచ్చాయి అని. ఇది అర్థమైంది. ఛాతీ విరిచి నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఎందుకంటే ఫ్రెంచిలో తొంభై ఏడు అనాలంటే 'కాత్ర వ్యాఁ దీ సెత్' అనాలి. నాలుగు ఇరవైలు, ఓ పది, ఓ ఏడు. మా అమ్మమ్మ తమలపాకులు లెక్కపెట్టినట్టు ఇరవైలు పేర్చాలి. బెల్జియంవాళ్లూ స్విట్జర్లాండువాళ్లూ తొంభైకి 'నోనాఁత్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ప్యారిస్ వాళ్లకి మాత్రం ఈ కూడికలు లేకపోతే తోచదు. మొత్తానికి తొంభై ఏడు మార్కులు తెచ్చుకున్నవాడు, తెచ్చుకున్న భాషలో ఆ తొంభై ఏడు పలకలేకపోయాడు. నా విద్య మీద ఇంతకంటే న్యాయమైన తీర్పు ఏ పరీక్షా ఇవ్వలేదు.

ఆ తరగతిలో నేనొక్కణ్ణే దొంగనయితే సిగ్గుపడేవాణ్ణి. చుట్టూ చూస్తే పదిహేనుమందిలో పన్నెండుమంది నా బాపతే. ఫోనులో ఏదో యాప్ పెట్టుకుని నాలుగు వందల రోజులు తప్పకుండా ఆడిన ఒకాయనకి 'పిల్లి పాలు తాగుతోంది' అనడం వచ్చు. పిల్లీ పాలూ లేనిచోట ఆయన మౌని. మరొకావిడ వ్యాకరణ సరస్వతి. క్రియ పేరు చెప్పగానే ఆరు రూపాలూ గడగడా చెబుతుంది, కాని ఆ క్రియతో మంచినీళ్లు అడగమంటే ఇంగ్లీషులో అడుగుతుంది. ఇలాంటివాళ్లకి ఫ్రెంచివాళ్లే ముద్దుగా ఓ పేరు పెట్టారు, 'ఫో దెబ్యుతాఁ' అని. అబద్ధపు ఆరంభకులు. కొత్తగా మొదలెట్టినవాళ్లలా కనిపించరు, పాతగా నేర్చినవాళ్లలా మాట్లాడలేరు. కింద కూర్చుంటే విసుగు, పైన కూర్చుంటే భయం. మన ఇంటర్ పట్టభద్రులంతా ఈ కులంవాళ్లే.

దీనికి తిరగేసిన రకమూ ఉంది. ఏ1లో పర్మనెంట్ రెసిడెన్సీ తీసుకున్నవాళ్లు. మూడోసారి అదే బ్యాచ్‌లో చేరతారు. అక్కడ వాళ్లే ఫస్టు. టీచరు ప్రశ్న పూర్తిచేయకముందే జవాబిస్తారు, కొత్తవాళ్లు నోరెళ్లబెట్టి చూస్తారు. ఆ గౌరవం ఏ2కి వెళితే పోతుంది కదా. ఏడో తరగతి చదివేవాడు ఒకటో తరగతిలో కూర్చుని రాజ్యమేలినట్టు. వీళ్లు పైకెక్కరు, కింద ఖాళీ చేయరు. సంస్థలు వీళ్లని పల్లెత్తు మాటనవు. ప్రతి మూడు నెలలకీ ఫీజు కట్టే మనిషిని ఎవరు కాదంటారు?

పెద్దవాళ్ల పరువుని పెట్టుబడి చేసుకోవడం ఇవాళ కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. 1670లోనే మోలియేర్ రాసిన 'లె బూర్జువా జాఁతియోమ్' అనే నాటకంలో జుర్దాఁ అనే డబ్బున్న షావుకారు పాఠాలు చెప్పించుకుంటాడు. పెద్దమనిషిగా చలామణీ కావాలని ఆయన తాపత్రయం. గురువుగారు ఫీజు పుచ్చుకుని అచ్చులు పలికేటప్పుడు నోరెలా తెరవాలో చెబుతాడు, జుర్దాఁ మురిసిపోతాడు. అయితే ఒక్కటి గమనించండి. ఆ గురువు మోసగాడైనా కాకపోయినా మొదలుపెట్టింది అచ్చుల దగ్గర. షావుకారుని నేరుగా సీ1లో కూర్చోబెట్టలేదు. అమీర్‌పేట కంటే ఆ రోజులే నయం.

ఇక గంటల లెక్క చూద్దాం. 1883లో ప్యారిస్‌లో పుట్టి, లూయీ పాశ్చర్, జూల్ వెర్న్ వంటివాళ్లు వ్యవస్థాపకుల్లో ఉన్న సంస్థ అలియాన్స్ ఫ్రాఁసేజ్. దాని ఉజ్జాయింపు ప్రకారం సున్నా నుంచి ఏ1కి 60 నుంచి 100 గంటలు పడుతుంది. బీ1కి 360 నుంచి 400. బీ2 దాకా అయితే 560 నుంచి 650. ఇది తరగతి గదిలో కూర్చునే సమయం, ఇంటి దగ్గర చదివేది వేరు. వారానికి ఆరు గంటల వారాంతపు బ్యాచ్‌లో చేరితే, 560 గంటలకి తొంభై మూడు వారాలు. రెండేళ్లకి కాస్త తక్కువ. అదీ ఈ రెండేళ్లలో మీ ఇంట్లో పెళ్లి జరగకుండా, శ్రావణమాసం రాకుండా, ఇండియా ఫైనల్‌కి చేరకుండా ఉంటే.

అమీర్‌పేట మెట్రో మెట్ల మీద నా చేతిలో పెట్టిన కరపత్రం మాత్రం 'ముప్పై రోజుల్లో బీ2' అంటోంది. 560ని ముప్పైతో భాగించండి. రోజుకి పద్దెనిమిది గంటల నలభై నిమిషాలు. మిగిలిన అయిదు గంటల ఇరవై నిమిషాల్లో నిద్ర, స్నానం, భోజనం, ట్రాఫిక్. 'ముప్పై రోజుల్లో హిందీ' పుస్తకాలు కొన్న జాతి మనది. ఆ పుస్తకాలతో హిందీ వచ్చినవాణ్ణి నేను చూడలేదు గాని, వాటి మీద నమ్మకం పోయినవాణ్ణి కూడా చూడలేదు.

ఇప్పుడు మా బావమరిది దగ్గరికి వస్తాను. వాడికి మనవడు లేడు, పౌరుషమూ లేదు. వాడికి కావలసింది యాభై. పాయింట్లు లెక్కగట్టి వలసకి పిలిచే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఇంగ్లీషు ఓ మాదిరిగా ఉండి, ఫ్రెంచిలో నాలుగు విభాగాల్లోనూ వాళ్ల కొలబద్ద ఎన్‌సీఎల్‌సీలో 7 తెచ్చుకుంటే అదనంగా యాభై పాయింట్లు. 2020 అక్టోబరు దాకా ముప్పై ఉండేవి, పెంచారు. 2023 నుంచి ఫ్రెంచి వచ్చినవాళ్లని వేరే వరసలో పిలవడం మొదలెట్టారు. 2024 ఫిబ్రవరి 29న ఆ వరసలో 336 పాయింట్లకే పిలుపు అందింది. మామూలు వరసలో అప్పుడు అయిదు వందలు దాటినవాళ్లే కళ్లు కాయలు కాసేలా చూస్తున్నారు. వాడికి ముప్పై ఎనిమిదేళ్లు. ముప్పై నిండిన దగ్గర్నుంచి ఏటా వయసు పాయింట్లు తరిగిపోతుంటాయి. ఆ తరుగుని ఫ్రెంచితో పూడ్చాలని వాడి ఎత్తు. ఎత్తు తప్పు కాదు. గోతిలో ఎంత మట్టి పడుతుందో కొలుచుకోకపోవడమే తప్పు.

ఎన్‌సీఎల్‌సీ 7 అంటే ఇంచుమించు బీ2. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, నాలుగింటా రావాలి. మూడింట్లో వచ్చి ఒకదాంట్లో రాకపోతే ఆ యాభైలో ఒక్కటీ రాదు. నులకమంచానికి మూడు కాళ్లు గట్టిగా ఉన్నాయి గదా అని పడుకోలేం. మనవాళ్లకి ఎప్పుడూ పొట్టిగా ఉండే కాలు మాట్లాడటం. అక్షరం చదవడం బీ1 దగ్గర, నోరు ఏ1 దగ్గర, చెవి ఇంకా సముద్రం దాటనే లేదు. ఇలాంటి మనిషికి ఒకే అంకె అతికించి ఒకే తరగతిలో కూలేస్తే, బలంగా ఉన్న కాలు ఇంకా బలపడి మంచం ఇంకా ఒరుగుతుంది.

ఇందులో ఓ తమాషా కూడా జరిగింది. మావాడు ముందు డెల్ఫ్ పరీక్షకి కడతానన్నాడు. అది ఫ్రాన్సు విద్యాశాఖ ఇచ్చే పట్టా, నూటికి యాభై వస్తే గట్టెక్కొచ్చు, ఒక్కసారి గట్టెక్కితే జీవితాంతం చెల్లుతుంది. ఎంత బాగుంది! కాని ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి అది చెల్లదు. టెఫ్ కెనడా గాని టీసీఎఫ్ కెనడా గాని రాయాలి, ఆ ఫలితం రెండేళ్లకే కాలం చేస్తుంది. జీవితాంతం చెల్లేదాన్ని వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకునేది జీవితాంతం చెల్లదు. అంటే భాష నీకు రెండేళ్ల కిందట వచ్చు, ఇవాళ మరిచిపోయి ఉంటావు అని వాళ్ల అనుమానం. మనవాళ్ల చరిత్ర చూస్తే ఆ అనుమానం అంత అన్యాయమేమీ కాదు.

ఫ్రాన్సువాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2024 జనవరి 26న వాళ్ల అధ్యక్షుడు మాక్రాన్ ఢిల్లీలో మన గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథి. 2030 నాటికి ముప్పై వేలమంది భారతీయ విద్యార్థులు మా దేశం రావాలి, ఫ్రెంచి రాకపోయినా దారి చూపిస్తాం అన్నారు. వినసొంపుగా ఉంది. సరిగ్గా అదే తేదీతో ప్యారిస్‌లో కొత్త వలస చట్టం వెలువడింది. దాని ప్రకారం 2026 జనవరి 1 నుంచి కొన్నేళ్లుండే కార్డుకి ఏ2, పదేళ్ల కార్డుకి బీ1, పౌరసత్వానికి బీ2. ఒక్కో మెట్టు పెంచారు. గుమ్మం దగ్గర తోరణం కట్టి, గడప ఎత్తు పెంచారన్నమాట. వెళ్లేవాళ్లు తోరణం ఫొటో ఒక్కటే తీసుకుని రాకుండా గడప కూడా కొలుచుకుంటే కాలు విరగదు.

అయితే తెలుగువాడు ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టాలన్నది ఎవరూ సరిగా కొలవకపోవడానికి ఇంకో కారణముంది. మనకి ఫ్రెంచి చెప్పేది ఇంగ్లీషు గుండా. 'త్యు' అన్నా 'యూ' నే, 'వూ' అన్నా 'యూ' నే, ఎప్పుడు ఏది వాడాలో చూడండి అని రెండు పేజీల ఇంగ్లీషు వివరణ. ఆ ఇంగ్లీషుకి లేని తేడా మనకి పుట్టుకతో ఉంది. నువ్వు, మీరు. అయిపోయింది పాఠం. మామగారిని నువ్వు అనని తెలుగువాడికి ఫ్రెంచివాడి ముందు 'వూ' ఎందుకనాలో గంటసేపు చెప్పించడం ఆ గంటకి ఫీజు వసూలు చేయడానికే. లింగాల దగ్గరా అంతే. బల్లని ఆడదంటారట, ఎంత వింత అని ఇంగ్లీషు పుస్తకం బుగ్గలు నొక్కుకుంటుంది. మన వ్యాకరణంలో అమ్మా వచ్చింది, బల్లా వచ్చింది. ఫ్రెంచివాణ్ణి చూసి నవ్వే హక్కు మనకెక్కడిది?

అన్నింటికంటే విచారించదగ్గది అరసున్న. పనికిరాదని బడిపుస్తకాల్లోంచి గెంటేశాం. బోఁజూర్‌లో, మాంట్రియల్ వాళ్లనే 'మోఁరేయాల్'లో ముక్కుతో పలకాల్సిన ఆ అచ్చుకి ఇంగ్లీషు అక్షరాల్లో దిక్కు లేదు. మన చేతిలో మాత్రం సున్నాకి సగం ముక్క సిద్ధంగా ఉంది. తెలుగుని మార్కుల కోసం వదిలేయకుండా ఉంటే, ఈపాటికి మా బ్యాచ్ ఉచ్చారణలో సగం మెట్టు ముందుండేది.

ఉచ్చారణ అంటే గుర్తొచ్చింది. నేనుండేది మూసారాంబాగ్‌లో. ఆ పేరుకి మూలం రెండో నిజాం కొలువులో పెద్ద సేనని నడిపిన ఫ్రెంచివాడు రేమోఁ. 1798లో పోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఇప్పటికీ ఉంది. 'మొస్యూ రేమోఁ' అనడానికి నోరు తిరగక మన జనంలో ఆయన్ని హిందువులు మూసా రాం అనీ, ముస్లింలు మూసా రహీం అనీ చేసుకున్నారు. ఊరు ఊరంతా కలిసి ఒక్క ఉచ్చారణ పరీక్షలో తప్పి, ఆ తప్పుకే మెట్రో స్టేషను కట్టుకున్న గడ్డ ఇది. ఆ రేమోఁ గారికి ఇది బీ1 కాదు అని ఎవర్నీ వెనక్కి పంపాల్సిన అవసరం రాలేదు. పుదుచ్చేరిలో డూప్లే దొర దగ్గర దుబాసీగా చేసి, కస్తూరి రంగకవి చేత తెలుగులో ఆనందరంగరాట్ఛందం అంకితం పుచ్చుకున్న ఆనందరంగ పిళ్లె కూడా ఏ సర్టిఫికెట్టూ చూపించలేదు. పనివాడికి పని కావాలి. మనకి కాగితం కావాలి, అందుకే కాగితం అమ్మేవాళ్లు దొరికారు.

నేను మూడో ఆదివారం ధైర్యం చేసి కౌంటర్ దగ్గరికి వెళ్లాను. "అమ్మా, నన్ను ఏ1లో వేయండి."

ఆ అమ్మాయి నిజంగా బాధపడింది. "డిమోషన్ ఎందుకు సార్? నెమ్మదిగా అదే వస్తుంది. పైగా బీ1 ఫీజు వెనక్కి రాదు."

రాకపోయినా సరే అన్నాను. అక్కడ నా తొంభై ఏడు మార్కులకి అంత్యక్రియలు జరిగాయి. ఏ1లో నా పక్క బెంచీ మీద డిగ్రీ చదివే పిల్ల, వెనక ఓ నర్సు, మూలన రిటైరైన తెలుగు మేష్టారు. నేర్పే అమ్మాయి చెప్పేదాంట్లో ముప్పాతిక అర్థమై, మిగిలిన పావుకి చెమటోడ్చాల్సి వస్తోంది. నన్నడిగితే సరైన మెట్టంటే అదే. అంతా అర్థమైతే కింద ఉన్నావు, ఏమీ అర్థం కాకపోతే పరువు మీద కూర్చున్నావు.

అది తెలుసుకోవడానికి మూడు వారాలూ, ఒక ఫీజూ తగలేయనవసరం లేదని ఇప్పుడు చెప్పగలను. ఫోను రికార్డరు ఆన్ చేసి, నిన్న పొద్దుట లేచింది మొదలు ఏం చేశారో రెండు నిమిషాలు ఫ్రెంచిలో చెప్పండి. పావు నిమిషంలో ఇంగ్లీషులోకి దూకారా, మీది ఏ1, మీసం మెలేయకండి. నడిచింది గాని కాళ్లీడ్చిందా, ఏ2. నోరు విప్పించకుండా లెవెల్ చెప్పేవాడు ఎవడైనా సరే, చిలక జోస్యగాడితో సమానం. చిలక అయినా కార్డు తీయడానికి పంజరంలోంచి బయటికొస్తుంది. ఒక క్లాసు ఊరికే కూర్చుని చూస్తాను అని అడగండి. కింది బ్యాచ్‌కి మారాలంటే ఎంత వదులుకోవాలో డబ్బు కట్టకముందే రాతలో తీసుకోండి. ఈ రెంటికీ తల అడ్డంగా ఊపినచోట పాఠం కూడా అడ్డంగానే ఉంటుంది.

పోయిన శనివారం రాత్రి మనవడు ఫోనులో "తె ఊ, తాతా?" అన్నాడు. ఎక్కడున్నావు అని. "ఇంట్లో" అని ఫ్రెంచిలో అన్నాను. వాడు ఫోను వాళ్లమ్మకివ్వలేదు. ఇంకో ప్రశ్న వేశాడు, అది అర్థం కాలేదు. అప్పుడిచ్చాడు.

ఈ విజయం బావమరిదికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"బావా, అంతా బాగుంది గాని, ఏ1కి కెనడాలో ఎన్ని పాయింట్లిస్తారు?"

"సున్నా."

మర్నాడు పొద్దుటే వాట్సాప్‌లో ఓ ఫొటో పెట్టాడు. ముప్పై రోజుల బీ2 క్రాష్ కోర్సు ఫీజు రసీదు.